బెదిరిన ఉన్ని

తప్పు నాదే.
దుప్పట్లు ఉడికే మిషన్ల
ఎవలిదో ఉన్ని స్వెట్టర్ పడ్డది, నేను చూడలె.
బయటికి తీస్తే
ఆరడుగుల మనిషి తొడుక్కునేది
పసిపిల్లకు సుత పట్టనంత అయింది.
అబూ హమ్దీ దాన్ని రెండు వేళ్లతో లేపి
సచ్చిన ఎలుకను చూపినట్టు అందరికీ చూపిండు.
పన్నెండు దినార్లు జీతంల కట్.

ఫహాహీల్‌ల ఆ రాత్రి
రెండంతస్తుల మంచం మీద, లైటు బందైనంక,
పైసలు కట్టిన, ఇగ నాదే గదా అని
దాన్ని చేతులకు తీసుకున్న.
మందంగ, ముద్దగ, కొంచెం గరుకుగ.
నాకంటే ముందు నా చెయ్యి గుర్తువట్టింది:
ముసురుల తాత నెత్తిన గొంగడి కొప్పెర.

ఐలయ్య తాత అంటుండె,
గొర్రె పోయినా బొచ్చుకు భయం పోదురా,
ఉడుకునీళ్లు తగిలితే
తోడేలును చూసిన మంద లెక్క
ఒకదాంట్లకొకటి దూరి నిలవడ్తది,
మల్ల ఎవడు గుంజినా విడదు.

కత్తెర పెట్టి చూసిన. దారం ఊడలె.
గప్పుడు అంటుకున్నది నాకీ పిచ్చి.

కంబళ్లు ఉతికిన నాడు
ఆరబెట్టే మిషన్ జాలీల పేరుకున్న నూగు
సంచికెత్తుకుంట.
బూడిద రంగే ఎక్కువ,
అందరి బట్టలు కలిస్తే మిగిలేది అదే.
ఎప్పుడన్న ఓ ఎర్రపోగు,
ఎవరి బిష్త్ నుంచో చిటికెడు ఒంటె రంగు.
సబ్బునీళ్లు, ప్లాస్టిక్ చాప, రెండు అరచేతులు.
అన్నీ ఉన్నయి.
ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు.

మొదలు ఒంటెను చేసిన. ఈడ అందరూ చేసేది అదే గదా.
కొమురెల్లి అటు తిప్పి ఇటు తిప్పి
"కుక్కకు జ్వరమొచ్చిందా అన్నా?" అన్నడు.
ఖర్జూర చెట్టు చేస్తే చీపురైంది.
సూక్‌ల అద్దాల ఎనుక బొమ్మల్ని
చూసి చూసి వచ్చి కూసుంటే
ఉన్ని చేతుల ఊకెనే ఉంటుండె,
మాటినని పిల్లగాని లెక్క.

జనవరిల ఓ పొద్దుగాల
మంచు దిగింది. సముద్రం లేదు, రోడ్డు లేదు,
మా బిల్డింగుకు ఎదురు బిల్డింగ్ లేదు.
దూరంగ రిఫైనరీ మంట ఒక్కటే
ఒలిచిన నారింజ తొన లెక్క.
బస్సుకు ఉరుకుడు మరిచి నిలవడ్డ.
నా సంచిల నూగంతా ఆకాశంల ఉన్నది.
అదే బూడిద.
ఇన్నొద్దులు దుకాణం అద్దాలల్ల ఎందుకు దేవులాడిన?

పక్క గోదాం గేటు కాడ యాకయ్య
రాత్రి డ్యూటీ ఇంకా దిగలె.
ఒక కాలు మీద ఇంకో కాలు, మార్చి, మల్ల మార్చి,
కొంగ లెక్క.
"చలి కిందికెల్లి వస్తదిరా తమ్మీ,
కోటు ఇచ్చిండ్రు. పాదాలకు ఎవడిస్తడు?"

పాత పేపర్ పరిచి నిలవడమన్న.
పెన్సిల్‌తోటి పాదం చుట్టూ గీసిన.
ఎడమకాలికి చిటికెన వేలు లేదు.
ఎట్ల పోయిందని అడగలె.
ఆ గీతే నాకు దొరికిన మొదటి బొమ్మ.

మూడు శుక్రవారాలు రుద్దిన.
అరచేతులు నానిన శనగలైనయి.
చెడిపోయిన స్వెట్టర్ అడుగున, నూగు పైన.
మడిమె కాడ, బరువంతా పడే చోట,
ఎవలకూ కనవడని చోట
ఏ పిల్ల టోపీ నుంచి రాలిందో,
చిటికెడు నారింజ రంగు పెట్టిన.

యాకయ్య బూట్లల్ల ఏస్కొని
గేటు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచిండు.
ఏమనలె.
తెల్లారి మాత్రం రెండు కాళ్ల మీద నిలవడి
సెల్యూట్ కొట్టిండు,
కారుకు గాదు, నాకు.

ఇప్పుడు నా మంచం కింద పేపర్ల మీద
పదకొండు జతల పాదాలున్నయి.
నేపాల్ తిలక్‌ది పొట్టి పాదం,
సూడాన్ ఇద్రీస్‌ది పేపర్ దాటి నేల మీదికొచ్చింది.
నిన్న అబూ హమ్దీ వచ్చిండు.
ఒక్క మాట లేకుండ చెప్పులు ఇడిచి
పేపర్ మీద నిలవడ్డడు.
గీస్తుంటే చక్కిలిగింతైనట్టుంది,
పెదవులు బిగవట్టి నవ్వు ఆపుకుంటున్నడు.
పన్నెండు దినార్ల సంగతి ఎత్తుదామనుకున్న.
వంకర తిరిగిన బొటనవేలు కాడ
పెన్సిల్ కొంచెంసేపు ఆగింది.